ఒక సహోదరి కొలతలు

పోస్టాఫీసు కౌంటరు వెనక ముప్ఫై నాలుగేళ్ళు కూర్చున్నదాన్ని. ఒకరి ఉత్తరం మరొకరు చదవకూడదన్నది నా ఒంట్లో ఇంకిపోయిన మాట. ఉద్యోగం ముగించుకుని ఇంటిపట్టున ఉందామనుకునేసరికి, మా పాస్టరయ్యగారు నాకు చర్చిలో అప్పగించిన పని సరిగ్గా దానికి తలకిందులు. గుమ్మం పక్కన గోడకు కొట్టిన చెక్కపెట్టెలో జనం ప్రార్థన మనవులు రాసి వేస్తారు. ఆదివారం ఆరాధనకు ముందు ఆ చీటీలన్నీ తీసి, మైకు ముందు నిలబడి ఒక్కొక్కటీ పైకి చదవాలి. "గొంతు ఖంగుమంటుంది, ఎలాంటి కోడిగీతలైనా చదివేస్తారు, మీకంటే తగినవాళ్ళు ఎవరున్నారు పోస్టమ్మగారూ" అని ఆయన నన్ను మునగచెట్టెక్కించారు. నేనూ ఎక్కి కూర్చున్నాను. మైకు పక్కన నాకంటూ విడిగా ఒక కుర్చీ కూడా వేశారు.

పాత అలవాటు కొద్దీ చీటీలను కట్టలుగా విడదీస్తాను. జబ్బులు ఒక కట్ట, పరీక్షలు ఒక కట్ట, ప్రయాణాలు ఒక కట్ట, పెళ్ళి కుదరనివాళ్ళది అన్నిటికంటే లావుపాటి కట్ట. దాదాపు అందరూ పేరు రాస్తారు. పేరు లేకపోతే దేవుడు అడ్రసు దొరక్క వీధులన్నీ తిరుగుతాడని వాళ్ళ బెంగ కాబోలు. ఏడాదిన్నర కిందట ఒక ఆదివారం మాత్రం పేరులేని చీటీ వచ్చింది. "ఒక సహోదరి శరీరం రోజురోజుకూ క్షీణిస్తోంది. భయంగా ఉంది. ఆమె కోసం ప్రార్థన చేయండి." అంతే రాసి ఉంది.

అది గోధుమరంగు మందపాటి కాగితం. అంచులు నున్నగా లేవు, నాలుగు వైపులా చిన్నచిన్న పళ్ళున్నాయి. గుడ్డ అంచున పోగులు ఊడిపోకుండా కోసే కత్తెర ఒకటుంటుంది, దాని నోరు రంపంలా ఉంటుంది. మా చుట్టుపక్కల అలాంటి కత్తెర ఉన్నది ఒక్కరి దగ్గరే. చీటీ చేతిలోకి తీసుకున్న క్షణంలోనే నాకు తెలిసిపోయింది, ఇది టేపక్క రాసిందని. పేరు దాచుకుంది గానీ, ఆ పిచ్చితల్లికి కత్తెరను దాచుకోవడం తట్టలేదు.

టేపక్క బట్టలు కుట్టే మనిషి. యాభై దాటింది. మెడలో టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు తక్కువ. ఒక్కోసారి మరిచిపోయి ఆరాధనకు కూడా దానితోనే వచ్చేసేది. పిల్లలు పెట్టిన పేరు పెద్దల నోళ్ళలో కూడా నిలిచిపోయింది. ఆమె కొట్టు, ఇల్లు ఒకటే. ముందు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, మూలన తల లేని గుడ్డబొమ్మ, బల్ల మీద ఇస్త్రీపెట్టె. మధ్యలో పూల తెర. తెర వెనక మంచం, స్టవ్వు, ఒక మనిషికి సరిపోయే గిన్నెలు. పని ముగిశాక టేపును పెద్ద కత్తెర పిడిలోంచి దూర్చి, రెండు ఇత్తడి కొసల చిల్లుల్నీ గోడకున్న మేకుకు తగిలించేది. కత్తెర కోసం ఇల్లంతా వెతుక్కోకుండా వాళ్ళమ్మ నేర్పిన పద్ధతి అది. ఆ టేపూ అమ్మదే, ఆ కత్తెరా అమ్మదే.

మా సంఘంలో ఆడవాళ్ళకు టేపక్కంటే ప్రాణం. పని బాగా చేస్తుందని మాత్రమే కాదు. ఈ మధ్య ఆమె దగ్గరికి ఎవరు వెళ్ళినా, పుస్తకంలో పాత కొలత చూసి, "అర అంగుళం తగ్గారండీ" అనేది. ఆ మాట వినడానికి లేని పని పెట్టుకుని వెళ్ళినవాళ్ళున్నారు. నన్ను కూడా నడుము దగ్గర ముప్పావు అంగుళం తగ్గానని చెప్పింది. ఆ రోజు ఇంటికి నడిచి వస్తూ, అద్దాలున్న దుకాణం దగ్గర రెండుసార్లు ఆగాను. ఒకరి సంతోషం ఇంకొకరికి గుండెకోత అవుతుందని నాకేం తెలుసు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం ఎలా ఉందో నేను చూడలేదు.

ఆమె సంగతులు చాలావరకు తర్వాత ఆమె నోటనే విన్నాను. వాళ్ళమ్మ కూడా బట్టలు కుట్టే మనిషే. తల్లీకూతుళ్ళిద్దరూ ఒకే మిషను మీద వంతులవారీగా కుట్టేవారు. తల్లికి జబ్బు చేసి పదకొండు నెలలు మంచాన ఉంది. నెలకోసారి ఆమె గౌన్ల పక్కకుట్లు విప్పి లోపలికి మడిచి కుట్టడం కూతురి పని. మొదటి నెల అర అంగుళం, తర్వాత అంగుళం, తర్వాత రెండు. చివరికి గౌనులో మనిషికంటే మడిచిన గుడ్డే ఎక్కువైంది. "నన్ను కూడా కాస్త మడిచి కుట్టేయవే, మంచంలో చోటు కలిసొస్తుంది" అని తల్లి నవ్వేదట. కూతురు నవ్వేది కాదు. అమ్మ తగ్గిన ప్రతి అంగుళాన్నీ తన చేత్తో కొలిచి, తన చేత్తో పుస్తకంలో రాసింది.

తల్లి పోయాక ఆమె చర్చిలో మూడో వరుసలో అదే చోట కూర్చునేది. పక్క కుర్చీ తల్లిది. ఆ కుర్చీలో తన సంచీ పెట్టుకునేది. ఎవరైనా వచ్చి కూర్చుంటారని కాదు, ఖాళీగా కనపడకూడదని.

ఒకరోజు తనకో గౌను కుట్టుకుందామని దండచెయ్యి కొలుచుకుంది. పన్నెండు ఉండాలి, గీత ఒకటి తక్కువ చూపించింది. మరునాడు మళ్ళీ కొలిచింది. ఆ తర్వాత అదే రోజువారీ పని అయిపోయింది. పొద్దున లేవగానే ముఖమైనా కడుక్కోకుండా మణికట్టు, దండచెయ్యి, నడుము. వారాలు గడిచేకొద్దీ గీత గీతగా తగ్గుతూనే ఉంది. డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఒకరి దగ్గరికి కాదు, ఇద్దరి దగ్గరికి. రక్తం తీశారు, ఫొటోలు తీశారు, తూకం వేశారు. "ఏమీ లేదమ్మా, తూకం కూడా తగ్గలేదు, హాయిగా తిని కాస్త నడవండి" అన్నారు. ఆ మాట ఆమెకు ఒక్కరోజు పని చేసేది. రెండో రోజు పొద్దున టేపు తీసేది. తూకం యంత్రం అబద్ధమాడొచ్చు గానీ అమ్మ టేపు ఆడదు కదా అనుకునేది. ఎడమ మణికట్టు సన్నబడిందని ఒక వారం, కుడిది వాచిందని ఇంకో వారం. మెడ కింద ఏదైనా గడ్డ తగులుతుందేమోనని తడిమి తడిమి, ఆ తడమడానికే అక్కడ నొప్పి పుట్టి, ఆ నొప్పికి మళ్ళీ భయం. ఒంటరిగా ఉన్న మనిషికి ఒళ్ళే తోడు. ఆ తోడు కాస్తా పగవాడిలా అయిపోతే ఇంక ఎవరితో చెప్పుకుంటుంది?

చెప్పుకోలేదని కాదు. ఒకసారి బుధవారం ప్రార్థన కూటంలో లేచి, "నాకు ఆరోగ్యం గురించి చాలా భయంగా ఉంటోంది, ప్రార్థన చేయండి" అంది. మా సంఘపెద్ద ఒకాయన ఉన్నారు, మంచివారే, నోరే తొందర. "విశ్వాసం ఉన్న చోట భయానికి చోటెక్కడిదమ్మా?" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. ఆమె తల వంచుకుని కూర్చుంది. ఆ ఆమెన్‌లో నా గొంతు కూడా ఉంది. నాది ఖంగుమనే గొంతు అని ముందే చెప్పాను.

ఆ తర్వాతి ఆదివారమే మొదటి చీటీ వచ్చింది. అక్కణ్ణుంచి వారం తప్పలేదు. "ఒక సహోదరికి ఈ వారం నడుము పావు అంగుళం తగ్గింది." "ఒక సహోదరి మింగేటప్పుడు గొంతులో ఏదో అడ్డుపడినట్టుంది." నేను మైకులో చదివేదాన్ని, సంఘమంతా ప్రార్థించేది. అందరికంటే ఎక్కువగా కన్నీళ్ళు పెట్టుకుని ప్రార్థించేది మూడో వరుసలో టేపక్కే. "ఆ సహోదరిని ముట్టు ప్రభువా, ఆమెకు ఎవరూ లేరు ప్రభువా" అని కుమిలిపోయేది. తన పేరుతో తన కోసం ఏడిస్తే తప్పవుతుందని, ముక్కూమొహం తెలియని ఎవరి కోసమో ఏడ్చినట్టు ఏడ్చేది. నేను మైకు పక్కన నా కుర్చీలో కూర్చుని చూసేదాన్ని. మిగతా చీటీలను ఆరాధన కాగానే చింపేస్తాను. ఆమెవి మాత్రం ఇంటికి తెచ్చి, దారంతో కట్టి సొరుగులో పెట్టేదాన్ని. అడ్రసు తెలిసీ అందజేయని ఉత్తరాల కట్ట అది. ముప్ఫై నాలుగేళ్ళ ఉద్యోగంలో అలాంటి తప్పు ఒక్కటి కూడా చేయలేదు నేను.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పెరట్లో పంపు దగ్గర టీ కప్పులు కడుగుతున్నాను. టేపక్క వచ్చి పక్కన నిలబడింది. కడిగిన కప్పుల్ని తీసుకుని గుడ్డతో తుడవడం మొదలుపెట్టింది.

"పోస్టమ్మగారూ, ఆ చీటీ రాసే సహోదరి ఎవరో... మీకేమన్నా తెలుసాండీ?"

చెప్పేయాల్సింది. కప్పు పక్కన పెట్టి, చెయ్యి పట్టుకుని, నువ్వే కదమ్మా అనాల్సింది. "తెలీదమ్మా. మనకెందుకు? దేవుడికి తెలుసు కదా" అన్నాను.

"అవునండీ, దేవుడికి తెలుసు" అంది. తుడిచిన కప్పును ఇంకోసారి తుడిచి, బోర్లించి వెళ్ళిపోయింది. పరుల రహస్యం కాపాడానని ఆ రోజు నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే లెంపకాయ కొట్టుకోవాలనిపిస్తుంది.

అలా జరుగుతూ ఉండగా చర్చి కట్టి యాభై ఏళ్ళు నిండుతున్నాయని, పాటల బృందానికి కొత్త గౌన్లు కుట్టించాలనుకున్నారు. పద్నాలుగు మంది. ఆరేళ్ళ కిందట పాత గౌన్లు కుట్టింది టేపక్కే, ఒక్కటి కూడా తిరిగి రాలేదు. "మళ్ళీ కొలతలెందుకు, అన్నీ మీ పుస్తకంలో ఉన్నాయిగా. ఇంతింత వయసొచ్చాక ఇంకేం పెరుగుతాం?" అన్నారు పాటల మాస్టారు. పుస్తకం చూసి కత్తిరించింది. నెలన్నర మిషను దిగలేదు. చెయ్యి లాగితే, ఇదీ క్షీణతే అనుకుందట.

శనివారం మధ్యాహ్నం సాధనకు గౌన్లు తెచ్చింది. చీటీలు సర్దుకోవడానికి నేనూ అక్కడే ఉన్నాను. ఒక్కొక్కరూ తొడుక్కుంటున్నారు, ఒక్కొక్కరి ముఖమూ మారుతోంది. చేతులు మణికట్టు దాటి కిందికి వచ్చేశాయి. అంచులు నేలమీద ఈడుస్తున్నాయి. వెనక వరుసలో నిలబడే బొంగురుగొంతు ఆయన అడుగు ముందుకేయబోయి తన అంచు తానే తొక్కి, పాటల మాస్టారి మీద పడబోయాడు.

"టేపక్కా, మేం చిక్కిపోయామా, గౌన్లు ఒళ్ళు చేశాయా?" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు.

ఆమె నవ్వలేదు. మెడలోంచి టేపు తీసి గౌను కొలిచింది. యాభై రెండు. పుస్తకం చూసింది. యాభై రెండు. అప్పుడు ఆ మనిషిని కొలిచింది, భుజం నుంచి మడమ దాకా. టేపు యాభై ఒకటే చూపించింది. పక్కన ఉన్నావిడను కొలిచింది. అంగుళం తక్కువ. ఇంకొకరిని. అదీ అంతే.

"అందరికీ తగ్గింది" అంది.

ఆమె పక్కనే ఉన్నాను కాబట్టి ఆ ముఖం నాకు దగ్గరగా కనిపించింది. అందులో భయం లేదు. ఊరట ఉంది. ఏడాదిన్నరగా ఒక్కతే నడుస్తున్న దారిలో వెనక నుంచి మనుషుల అడుగులు వినపడినట్టు, అలా ఉంది. "అయితే నాకొక్కదానికే కాదన్నమాట" అంది. ఎంత మెల్లగా అంటే, నాకు తప్ప ఇంకెవరికీ వినపడలేదు. అందరం కలిసి పోతున్నామన్నా సరే, ఒంటరిగా పోవడం లేదన్నదే ఆమెకు అప్పుడు పదివేలు.

"సన్నబడ్డామంటే నమ్ముతాం గానీ అక్కా, పొట్టివాళ్ళమయ్యామంటే ఎలా నమ్మేది?" అన్నారు పాటల మాస్టారు.

అప్పుడు వెలిగింది నాకు. నా సంచీలో ఒక అడుగు చెక్క స్కేలు ఉంటుంది, పార్సిళ్ళు కొలిచిన నాటిది. తీసి, టేపు పక్కన పెట్టాను. స్కేలు పన్నెండు దగ్గర ముగిసింది. టేపు మీద చూస్తే అక్కడ పదకొండుముప్పావు. అడుగుకు పావు అంగుళం సాగిపోయింది. రోజూ రాత్రంతా కత్తెర బరువు మోసీ మోసీ సాగింది. ఎవరూ చిక్కలేదు, ఎవరూ పొట్టివాళ్ళవలేదు. నా నడుము కూడా మళ్ళీ యథాస్థానానికి వచ్చేసింది.

నవ్వులు ఆగలేదు. సన్నబడ్డామని మురిసిపోయిన ఆడవాళ్ళు ఒకరినొకరు పొడుచుకున్నారు. టేపక్క మాత్రం టేపును నాలుగు వేళ్ళ మీద నెమ్మదిగా చుట్టి, తన గౌను జేబులో పెట్టుకుంది. "అంచులు మడిచి పంపిస్తాను" అని పద్నాలుగు గౌన్లూ మూటగట్టుకుని వెళ్ళిపోయింది.

భయం తీరిపోయి ఉంటుంది, రేపు అందరి ముందు లేచి దేవుడి మేలు గురించి సాక్ష్యం చెబుతుంది అనుకున్నాను. ఆదివారం పెట్టె తెరిస్తే పళ్ళ అంచు చీటీ లేదు. మూడో వరుసలో సంచీ లేదు, మనిషీ లేదు. ఆ రోజు మైకులో ఏం చదివానో నాకు గుర్తులేదు.

సోమవారం పొద్దున్నే బజారులో కొత్త టేపు కొని, సొరుగులోని కట్ట తీసుకుని ఆమె కొట్టుకు వెళ్ళాను. మిషను ముందు కూర్చుని అంచులు మడుస్తోంది. మెడలో ఏమీ లేదు. ఆ బోసిమెడ చూస్తే వేరే మనిషిలా అనిపించింది.

"రండి పోస్టమ్మగారూ, కూర్చోండి. ఇంకా అయిదు గౌన్లు ఉన్నాయి" అంది.

నేను కూర్చోలేదు. కట్టను మిషను బల్ల మీద పెట్టాను. ఆమె మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత వేలితో ఒక చీటీ అంచును తడిమింది. పళ్ళు ఒక్కొక్కటే వేలికి తగిలాయి. తలెత్తి బల్ల చివరనున్న పళ్ళ కత్తెర వైపు చూసింది.

"మీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మొదటి చీటీ నుంచి."

"మరి ఆ రోజు పంపు దగ్గర అడిగితే తెలీదన్నారు."

"అన్నాను."

"తెలిసీ ఎందుకు రాలేదండీ మీరు?"

దారి పొడుగునా జవాబు తయారు చేసుకునే వచ్చాను. పేరు రాయలేదు కదా, రహస్యమనుకున్నాను, పోస్టాఫీసులో ఉన్నప్పట్నుంచీ అదే అలవాటు, అని. ఆ ముఖం ముందు అవన్నీ అరిగిపోయిన స్టాంపుల్లా కనిపించాయి. "రహస్యం కదా అని..." అంటూ నసిగాను.

"పేరు రాసే ధైర్యం లేక అలా రాశాను" అంది. "ఎవరో ఒకరు కనిపెట్టకపోతారా అని ప్రతి వారం రాశాను."

సిగ్గుతో చచ్చిపోయాను. ప్రభువు సిలువకు పట్టబడబోయే ముందు రాత్రి తోటలో చెమట ధారగా కారుతుంటే, ముగ్గురు శిష్యులను పిలిచి, కాసేపు నా దగ్గర మేలుకుని ఉండండి చాలు అని బతిమాలుకున్నాడు. భయపడ్డందుకు ఆయన్నెవరూ విశ్వాసం లేనివాడనలేదు. ఆ ముగ్గురూ నిద్రపోయారు. చిన్నప్పట్నుంచీ ఆ కథ వింటూ, ఎంత మొద్దునిద్ర వాళ్ళది అనుకునేదాన్ని. నేను ఏడాదిన్నర నిద్రపోయాను, అదీ మైకు ముందు నిలబడి.

"తప్పు నాదేనమ్మా" అన్నాను.

ఆమె కొలతల పుస్తకం తీసి చివరి పేజీ నా ముందు పెట్టింది. అందరి పేజీల్లోనూ పైన పేర్లుంటాయి. ఈ పేజీ పైన "ఒక సహోదరి" అని ఉంది. కింద వరుసగా తేదీలు, మణికట్టు, దండచెయ్యి, నడుము. తన సొంత పుస్తకంలో కూడా తన పేరు రాసుకోలేదు.

"టేపు సాగిందని తెలిసిపోయింది కదండీ, భయం పోవాలి కదా. పోలేదు" అంది. "అమ్మ టేపు పెట్టెలో దాచేశాను. ఆదివారం పొద్దున లేచాను, కొలుచుకోవడానికి ఏమీ లేదు. గొంతు తడుముకుంటూ మంచం మీదే కూర్చుండిపోయాను. ఇంక చీటీ ఏమని రాయను? జబ్బు లేదు, భయం మాత్రం ఉంది అని రాస్తే నవ్వరా?"

"లే" అన్నాను.

"ఎందుకండీ?"

"లేచి నిలబడు."

సంచీలోంచి కొత్త టేపు తీశాను. ఆమె నిలబడింది గానీ, ఎలా నిలబడాలో ఆమెకు తెలియలేదు. ముప్ఫై ఏళ్ళుగా ఎదుటివాళ్ళను నిలబెట్టిన మనిషి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ముందుకూ వెనక్కూ ఆడించింది. "చేతులు పక్కకి తియ్యమ్మా. ఊపిరి బిగబట్టకు" అన్నాను. ఆ మాటలు ఆమెవే, నాతో ఎన్నిసార్లు అందో. నడుము చుట్టూ చేతులు పోనిచ్చి టేపు వెనకనుంచి ముందుకు తెచ్చేసరికి ఆమె ఒళ్ళంతా కదిలిపోయింది. మొదట చక్కిలిగింత అనుకున్నాను. కాదు, ఏడుస్తోంది.

"ఏమీ లేదండీ. అమ్మ పోయాక నన్నెవరూ ముట్టుకోలేదు. అందుకు" అంది.

మా సంఘంలో ఆమె చెయ్యి తగలని ఒళ్ళు లేదు. పెళ్ళికూతుళ్ళు, బాలింతలు, ముసలివాళ్ళు, నేను. ఆమె మీద చెయ్యి వేసినవాళ్ళం ఒక్కరమూ లేము. నాకు కొలవడం సరిగ్గా రాదు, టేపు రెండుసార్లు జారింది. అయినా తొందరపడలేదు. మణికట్టు కొలిచాను, దండచెయ్యి కొలిచాను. పేజీలోని మొట్టమొదటి వరుస చూశాను.

"ఎంతండీ?" అంది, కళ్ళు తుడుచుకుంటూ.

"చెప్పను."

"అదేంటండీ!"

"ఈ పేజీ ఇక నా దగ్గర ఉంటుంది. నెలకోసారి నేనే వచ్చి కొలుస్తాను. తేడా ఉంటే నేనే నిన్ను డాక్టరు దగ్గరికి లాక్కుపోతాను. మిగతా రోజుల్లో నీ ఒంటి జోలికి నువ్వు వెళ్ళకు."

"ఇన్నాళ్ళూ ముందు కొలుచుకుని, ఆ అంకెను బట్టి ప్రార్థన చేసుకునేదాన్ని. బాగుంటే స్తోత్రం, తగ్గితే ఏడుపు. ఇప్పుడు అంకె లేకుండా ఏమని చేసుకోను?" అంది. తర్వాత నా చేతిలోని టేపు వైపు అనుమానంగా చూసింది. "ఇది సరైన టేపేనంటారా?"

నవ్వొచ్చింది నాకు. ఆమెకూ వచ్చింది. స్కేలు తీసి పక్కన పెట్టి చూపించాను. సరిగ్గా పన్నెండు.

"మీకెప్పుడూ ఏ భయమూ ఉండదు కదండీ" అంది, మళ్ళీ మిషను ముందు కూర్చుంటూ. "గొంతు చూస్తేనే తెలుస్తుంది."

ఇంకెవరైనా అడిగి ఉంటే అవుననేసేదాన్ని. ఆ రోజు ఇంకో అబద్ధం ఆడే ఓపిక నాకు లేదు. "రోజూ పొద్దున కళ్ళు తెరవగానే నాడి పట్టుకుని లెక్కపెడతాను. ఒక దెబ్బ తప్పినట్టనిపిస్తే మళ్ళీ మొదట్నుంచి. ఇంట్లో కూలబడిపోతే ఎన్నాళ్ళకు ఎవరు తలుపు తడతారోనని లెక్కపెడతాను. ఎవరికీ చెప్పలేదు" అన్నాను. చెప్పాక నా గొంతు నాదిలా వినపడలేదు.

ఆమె నా మణికట్టు పట్టుకుని, కిటికీలోంచి వీధిలోకి చూస్తూ చాలాసేపు అలాగే కూర్చుంది. "కొట్టుకుంటోందండీ" అంది చివరికి.

వెళ్ళే ముందు ప్రార్థన చేయమంది. కళ్ళు మూసుకున్నాను. ఎన్నేళ్ళుగానో మైకులో ఆగకుండా మనవులు చదివినదాన్ని, ఆ చిన్న గదిలో మాట దొరకలేదు. "ప్రభువా, మాకు భయంగా ఉంది. కాస్త మా దగ్గర ఉండు" అన్నాను. ఆమెన్ ఆమె అంది.

తర్వాతి ఆదివారం పెట్టె తెరిచాను. పళ్ళ అంచు చీటీ ఉంది. ఆరాధనలో అన్ని కట్టలూ అయ్యాక దాన్ని విప్పాను. నేనెప్పుడూ ముందుగా చదువుకుని వెళ్తాను, ఆ ఒక్కదాన్ని మాత్రం చదవకుండా ఉంచాను.

"ఇద్దరు సహోదరీలకు తమ ఆరోగ్యం గురించి భయంగా ఉంటోంది. జబ్బేమీ లేదు. వారి కోసం ప్రార్థన చేయండి."

'ఇద్దరు' అన్న మాట నోట్లోంచి వచ్చేశాక గానీ నాకు అర్థం కాలేదు. మైకులో నా ఊపిరి వినపడుతోంది. ముందు వరుసలో సంఘపెద్ద తల ఎత్తి చూస్తున్నారు. చీటీ మడిచేసి నా కుర్చీలో కూర్చోవచ్చు. ఎవరికీ ఏమీ తెలియదు. దేవుడికి తెలుసు కదా.

"ఆ ఇద్దరిలో ఒకరిని నేను" అన్నాను.

ఎవరూ ఆమెన్ అనలేదు. మూడో వరుసలో టేపక్క లేవలేదు, తల కూడా ఎత్తలేదు. పక్క కుర్చీలోని సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

నేను మైకు వదిలి వెళ్ళి అక్కడ కూర్చున్నాను.